చిన్న క్లబ్బులో మెరిసిన వింగర్ పెద్ద క్లబ్బులో నిలబడతాడా?

జూన్ మొదలైతే చాలు, మా గోదావరి జిల్లాల కుర్రాళ్ల ఫుట్‌బాల్ వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే తగువు. ఫలానా వింగర్‌ని, అంటే మైదానం అంచు గీత పక్కన ఆడే ముందువరస ఆటగాడిని, ఫలానా పెద్ద క్లబ్బు కొనబోతోందట, అక్కడ ఆడగలడా, తేలిపోతాడా? ఒకడు నాలుగు నిమిషాల హైలైట్స్ వీడియో పెడతాడు. ఇంకొకడు గోల్స్, అసిస్టుల (గోల్‌కి దారితీసిన ఆఖరి పాస్‌ల) లెక్క పెడతాడు. మూడోవాడు "అక్కడి ఆట వేరు బాబాయ్" అని ఊరుకుంటాడు. నా మట్టుకు ఆ మూడోవాడి మాటలోనే అసలు సంగతంతా ఉంది. కాకపోతే ఎక్కడ వేరు, ఎందుకు వేరు అని ఎవరూ విప్పి చెప్పరు. సాయంత్రాలు కాలేజీ గ్రౌండులో పిల్లలకి ఈ ఆట నేర్పే మనిషిని నేను. శనివారం రాత్రి టీవీలో ఇంగ్లండ్ మ్యాచ్ చూసేటప్పుడే కాదు, మా పిల్లల్లో ఒకడిని పైజట్టు సెలక్షన్‌కి పంపాలా వద్దా అని తేల్చుకోవాల్సి వచ్చినప్పుడూ ఇదే ప్రశ్న ఎదురవుతుంది.

ముందు లెక్కల సంగతి చూద్దాం. 2018-19లో ఫ్రెంచ్ లీగ్‌లో లిల్ జట్టు వింగర్ నికొలా పెపె 22 గోల్స్ కొట్టాడు, 11 అసిస్టులు ఇచ్చాడు. ఏ క్లబ్బుకైనా నోరూరే అంకెలు. 2019 వేసవిలో ఇంగ్లండ్ క్లబ్బు ఆర్సెనల్ అతని కోసం 7.2 కోట్ల పౌండ్లు ఒప్పుకుంది. ఆ క్లబ్బు అప్పటిదాకా ఏ ఆటగాడికీ అంత పెట్టలేదు. నాలుగేళ్లు తిరిగేసరికి, 2023లో, ఒప్పందం రద్దు చేసి వదిలేసుకుంది. పెపె చేతగాని ఆటగాడేం కాదు. మెరుపు గోల్స్ అక్కడా కొట్టాడు. మరి ఎక్కడ తేడా వచ్చింది?

ఆ 22 గోల్స్‌ని విడదీసి చూస్తే మొదటి జవాబు దొరుకుతుంది. అందులో 9 పెనాల్టీలు. పెనాల్టీ అంటే గోల్‌కీపర్ ఒక్కడే ఎదురుగా ఉండగా కొట్టే తన్ను, నూటికి డెబ్బై అయిదు, ఎనభై దాకా గోల్ అయ్యే అవకాశం. అది కొట్టడానికి ధైర్యం కావాలి, నిజమే. కానీ వింగర్‌కి ఎదురుగా అంచున కాచే డిఫెండర్‌ని, అంటే ఫుల్‌బ్యాక్‌ని, దాటే విద్యకీ దానికీ సంబంధం లేదు. పెద్ద క్లబ్బులో పెనాల్టీలు కొట్టేవాడు ఎలాగూ ముందే ఉంటాడు. తీసేస్తే మిగిలినవి 13. అదీ మంచి సంఖ్యే. అయితే ఆ పదమూడు ఎలాంటి చోట్లలో పుట్టాయన్నది రెండో జవాబు, అసలైన జవాబు.

మైదానం పొడవు సాధారణంగా 105 మీటర్లు, వెడల్పు 68. ఆ కొలత మారదు కానీ వింగర్‌కి దొరికే ఖాళీ మాత్రం జట్టుని బట్టి మారిపోతుంది. ఆనాటి లిల్ జట్టు వెనక్కి తగ్గి కాచుకుని, బంతి చిక్కగానే ముగ్గురు నలుగురు వేగగాళ్లని ముందుకి వదిలే జట్టు. ఎదుటి ఫుల్‌బ్యాక్ అప్పటికే మైదానం సగం దాటి వచ్చేసి ఉంటాడు. అతని వీపు వెనక నలభై మీటర్ల ఖాళీ. వింగర్ పరిగెడుతూనే బంతి అందుకుంటాడు, డిఫెండర్ వెనక్కి తిరగడంలోనే అర సెకను పోగొట్టుకుంటాడు. అలాంటప్పుడు వేగం ఉన్నవాడిదే రాజ్యం. ఆర్సెనల్ లాంటి క్లబ్బుకి వెళ్లగానే బొమ్మ తలకిందులవుతుంది. ఎదుటి జట్టు పదిమందినీ తన గోల్ ముందు ముప్పై మీటర్లలో కుదేసి కూర్చుంటుంది. దీన్నే లో బ్లాక్ అంటారు. బంతి వచ్చేసరికి వింగర్ గీత పక్కన నిలబడి ఉంటాడు. రెండు మీటర్ల ఎదురుగా ఫుల్‌బ్యాక్, తన గోల్‌కి వీపు పెట్టి, మోకాళ్లు వంచి, సిద్ధంగా. లోపలికి తిరిగే దారిలో ఇంకొకడు. పరిగెత్తడానికి చోటే లేదు. పేరు వింగరే, జెర్సీ నంబరు కూడా అదే కావచ్చు, చేయాల్సిన పని మాత్రం పూర్తిగా వేరు.

అందుకే ఒక వింగర్‌ని తూచేటప్పుడు నేను మొట్టమొదట చూసేది ఇది: నిలబడి ఉండగా బంతి కాళ్ల దగ్గరకి వస్తే ఏం చేస్తాడు?

రియాద్ మహ్రెజ్‌ని గుర్తు చేసుకోండి. 2014 జనవరిలో ఫ్రెంచ్ రెండో డివిజన్ క్లబ్బు లె హావ్ర్ నుంచి లెస్టర్‌కి వచ్చాడు. పెద్ద క్లబ్బులు ఒక్క ఆటగాడికి పెట్టే సొమ్ము పక్కన అతని ధర చిల్లర కిందే లెక్క. 2015-16లో లెస్టర్ ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ టైటిల్ గెలిచినప్పుడు 17 గోల్స్, 11 అసిస్టులు, ఆ ఏడాది ఆటగాళ్లు ఎన్నుకున్న ఉత్తమ ఆటగాడు. గమనించండి, లెస్టర్ కూడా లిల్ లాగే కాచుకుని ఎదురుదాడికి దిగే కౌంటర్ ఎటాక్ జట్టే. పెపె మీద వేసిన అనుమానమే మహ్రెజ్ మీదా వేయొచ్చు. కానీ లెస్టర్ మ్యాచ్‌లు శ్రద్ధగా చూసినవాళ్లకి ఒకటి కనిపించేది. నలభై మీటర్ల దూరం నుంచి గాలిలో వచ్చిన బంతిని కూడా అతను పాదం మీద దించుకుంటే అది అంగుళం అటూ ఇటూ కదలదు. ఒక్క క్షణం అలా ఆగి, భుజం కొద్దిగా వంచి, డిఫెండర్ బరువు ఏ కాలి మీదకి పోయిందో చూసి, రెండో కాలి వైపు జారుకుంటాడు. ఆ పనికి ఖాళీ అక్కర్లేదు. 2018లో మాంచెస్టర్ సిటీ దాదాపు 6 కోట్ల పౌండ్లకి కొన్నది ఆ విద్యనే. మొదటి సీజన్లో చాలా మ్యాచ్‌లు బెంచి మీదే కూర్చున్నాడు. అయినా టైటిల్ తేలే ఆఖరి రోజు బ్రైటన్ మీద జట్టులోకి తీసుకున్నారు, గోల్ కొట్టాడు. 2023లో సిటీ ఒకే సీజన్లో మూడు కప్పులు గెలిచినప్పుడూ ఆ జట్టులో ఉన్నాడు.

ఇదే సంగతి మా గ్రౌండులో ఇంకా దగ్గరగా కనిపిస్తుంది. డెల్టా నేల ఒండ్రుమట్టి. వానలు వెనకబట్టాక కూడా గీత పక్కన నెమ్ము ఓ పట్టాన ఆరదు. మా దగ్గర ఎడమ వింగ్ మీద ఆడే కుర్రాడొకడున్నాడు, తొమ్మిదో తరగతి. బంతిని నాలుగు గజాలు ముందుకి తన్ని పరుగు లంకించుకుంటాడు. మెత్తటి నేల మీద బంతి అక్కడే ఆగుతుంది, డిఫెండర్ కాలు బురదలో జారుతుంది, వీడు దాటిపోతాడు. చూసేవాళ్లు ఈలలు. అదే కుర్రాడిని గట్టి నేల మీద టోర్నమెంటుకి తీసుకెళితే, అదే తన్ను బంతిని మైదానం చివరి గీత అవతలికి పంపేస్తుంది. మ్యాచంతా గోల్ కిక్కులే. వాడి వేగం అబద్ధం కాదు. కానీ వాడి ఆటలో నేల ఇచ్చిన వాటా ఎంత, వాడి సొంత వాటా ఎంత అన్నది నేల మారితే గానీ తెలియలేదు.

ఇప్పుడు వాడికి నేర్పుతున్నది ఒక్కటే. గీత పక్కన నాలుగు కోన్లు పెట్టి అయిదు గజాల గడి కడతాను. వాడు గడిలో గీతకి వీపు పెట్టి నిలబడాలి. మధ్య నుంచి పాస్ వస్తుంది, ఇద్దరు పిల్లలు మీదకొస్తారు. తన గోల్ వైపున్న కాలితో బంతి ఆపితే ఒళ్లు వెనక్కే తిరిగిపోతుంది, ఇక బంతిని వెనక్కి ఇవ్వడం తప్ప దారి లేదు. ఎదుటి గోల్ వైపున్న కాలితో, బంతిని ఒంటి ముందుగా రానిచ్చి అందుకుంటే నడుం ముందుకి తెరుచుకుంటుంది. అప్పుడు గీత వెంట పోవచ్చు, లోపలికి తిరగొచ్చు, పాస్ ఇవ్వొచ్చు. మూడు దారులున్నవాడిని పట్టుకోవడం డిఫెండర్‌కి కష్టం. ఇంతకన్నా ముఖ్యం, బంతి తన దగ్గరకి వచ్చేలోపు వాడు తల తిప్పి వెనక చూశాడా లేదా. నార్వే పరిశోధకుడు గెయిర్ యోర్డెట్ ఏళ్ల తరబడి ఈ ఒక్క విషయం మీదే పనిచేశాడు: బంతి అందే ముందు ఆటగాడు చుట్టూ ఎన్నిసార్లు చూస్తాడు, దానికీ ఆ తరువాతి పాస్‌కీ ఏమిటి సంబంధం అని. కెమెరా ఎప్పుడూ బంతి మీదే ఉంటుంది కాబట్టి హైలైట్స్‌లో ఇది కనిపించదు. ఈసారి మ్యాచ్ చూసేటప్పుడు పది నిమిషాలు బంతిని వదిలేసి ఒక్క వింగర్‌నే చూడండి. నాలుగు నిమిషాల వీడియోలో దొరకనిది దొరుకుతుంది.

ఎదుగుదల సంగతికొస్తే, ఈనాటి ఆట వేరు, రేపటి సత్తా వేరు. భీమవరం చుట్టుపక్కల చేపల రైతులకి ఈ తేడా బాగా తెలుసు. ఏడాది పాటు చిన్న చెరువులో కిక్కిరిసి బతికిన చేపపిల్ల చూపుకి పొట్టిగానే ఉంటుంది. పెద్ద చెరువులో వదిలి మేత పడేస్తే గబగబా పెరుగుతుంది. రైతు దాని ఇవాళ్టి బరువుని చూసి బేరమాడడు. వయసు చూస్తాడు, ఒళ్లు చూస్తాడు. ఇరవై ఏళ్ల వింగర్‌ని చూసే పద్ధతీ అదే కావాలి. గోల్స్ తక్కువున్నా, గోల్ దగ్గరకి పదేపదే వెళ్తున్నాడా?

ఇక్కడ ఎక్స్‌పెక్టెడ్ గోల్స్ లెక్క పనికొస్తుంది. ప్రతి షాట్‌కీ దూరం, కోణం, అడ్డున్నవాళ్లు, ఇలాంటివన్నీ చూసి, అలాంటి షాట్లు సగటున ఎంతశాతం గోల్స్ అవుతాయో వేసే అంచనా అది. గోల్స్ కొట్టడంలో అదృష్టం పైకీ కిందకీ ఊగుతుంది. మంచి చోట్లకి చేరుకోవడం అంతగా ఊగదు. వినిసియస్ జూనియర్ 2018లో పద్దెనిమిదేళ్లకి రియల్ మాడ్రిడ్‌కి వచ్చినప్పుడు గోల్ ముందు తడబాటు చూసి లోకమంతా నవ్వింది. 2020-21లో స్పానిష్ లీగ్‌లో అతని గోల్స్ 3. మరుసటి సీజన్లో 17, ఆపైన పారిస్‌లో లివర్‌పూల్ మీద యూరప్ క్లబ్బుల ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ గెలిపించిన ఒకే ఒక్క గోల్. నవ్వినవాళ్లు ఆఖరి తన్ను ఒక్కటే చూశారు. అంతకు ముందు ప్రతి మ్యాచ్‌లో ఫుల్‌బ్యాక్‌ని దాటి గోల్ ముందున్న బాక్సులోకి వెళ్లిన సంగతి పట్టించుకోలేదు. తడబాటుని సాధన సరిచేస్తుంది. మనిషిని దాటే గుణం మొదటే లేకపోతే దాన్ని తెచ్చిపెట్టడం చాలా కష్టం.

ఇంతవరకూ చెప్పింది విని, "అయితే చోటు లేని ఆట ఆడగలిగితే చాలన్నమాట" అనుకుంటే మళ్లీ బోల్తా పడతాం. ఆంటొనీ సంగతే చూడండి. అతను ఆడిన అయాక్స్ నెదర్లాండ్స్‌లో అందరికన్నా పెద్ద క్లబ్బుల్లో ఒకటి. ఎదుటివాళ్లు అక్కడా గోల్ ముందు గుమిగూడేవాళ్లే. పైగా 2022లో అతన్ని దాదాపు 9.5 కోట్ల యూరోలకి మాంచెస్టర్ యునైటెడ్‌కి రప్పించిన కోచ్ ఎరిక్ టెన్ హాగ్, అయాక్స్‌లో అతన్ని ఆడించిన కోచే. ఆట తీరు తెలుసు, మనిషి తెలుసు. అయినా 2023-24 ప్రీమియర్ లీగ్‌లో అతను కొట్టింది ఒకే ఒక్క గోల్. నా ఉద్దేశంలో కారణం లీగ్ స్థాయి. డచ్ లీగ్‌లో డిఫెండర్ ఇచ్చే సందు ఇంగ్లండ్‌లో దొరకదు. ఆంటొనీ ఎప్పుడూ ఎడమ కాలి మీదకే లోపలికి తిరుగుతాడని అందరికీ తెలుసు. తెలిస్తే మాత్రం ఏం, ఆర్యెన్ రాబెన్ బాయర్న్‌లో పదేళ్లు అదే పని చేశాడు, ఎవరూ ఆపలేకపోయారు కదా అంటారు. నిజమే. రాబెన్‌కి మొదటి రెండు అడుగుల్లో ఉన్న విసురు వేరు. ఎటు పోతాడో తెలిసినా ఎప్పుడు కదులుతాడో తెలియదు. ఒకే ఎత్తుగడ ఉన్నవాడికి ఆ ఎత్తుగడ అసాధారణంగా ఉండాలి.

అంకెలు తగ్గితే ఆటగాడు దిగజారాడనుకోవడం ఇంకో పొరపాటు. జాక్ గ్రీలిష్ ఆస్టన్ విల్లాలో జట్టుకంతటికీ తానే బండి లాగాడు. 2021లో 10 కోట్ల పౌండ్లకి సిటీకి వెళ్లిన మొదటి లీగ్ సీజన్లో 3 గోల్స్. డబ్బు దండగ అన్నారు. అక్కడ కోచ్ పెప్ గ్వార్డియోలా అతనికిచ్చిన పని వేరు: బంతి పోగొట్టుకోకు, ఇద్దరు డిఫెండర్లని నీవైపు లాక్కో, జట్టు ఊపిరి పీల్చుకునేదాకా పట్టుకో. మూడు కప్పుల సీజన్లో ఆ పనే చేశాడు. కాబట్టి పెద్ద క్లబ్బు అతని నుంచి ఏం కోరుతోందో తెలియకుండా సఫలమా విఫలమా అని తీర్పు చెప్పడం అన్యాయం. సాడియో మానే విషయంలో ఆ పొందిక ముందే కుదిరింది. ఆస్ట్రియాలో సాల్జ్‌బర్గ్ జట్టులో బంతి పోగానే ఎగబడి లాక్కునే ఆట అలవాటైంది, 2016లో వెళ్లిన లివర్‌పూల్‌లో కోచ్ యుర్గెన్ క్లోప్‌ది అదే ఆట. మొదటి ఏడాది కుడివైపు ఆడి, ఈజిప్టు వింగర్ మొహమ్మద్ సలా రాగానే ఎడమకి మారి కూడా తగ్గలేదు.

ఆ సలాయే ఈ మొత్తం చర్చలో అందరూ గుర్తుంచుకోవాల్సిన మనిషి. 2014 జనవరిలో బాసెల్ నుంచి చెల్సీకి వచ్చాడు. అజార్, విలియన్ లాంటివాళ్ల వెనక వరసలో నిలబడి 13 లీగ్ మ్యాచ్‌లు, 2 గోల్స్. ఏడాదికే ఇటలీకి. ఫియొరెంటీనా, రోమా దాటి 2017లో లివర్‌పూల్‌కి వచ్చి మొదటి సీజన్లోనే 32 లీగ్ గోల్స్. చెల్సీలో ఉన్నప్పటి సలా వేరే మనిషేం కాదు, ఆడటానికి నిమిషాలు దొరకని మనిషి. విల్‌ఫ్రెడ్ జహా కథ రెండో వైపు. 2013 జనవరిలో ఇరవై ఏళ్లకి, అప్పటి కోచ్ అలెక్స్ ఫెర్గూసన్ మాంచెస్టర్ యునైటెడ్‌కి కొన్న ఆఖరి ఆటగాడు అతనే. అతను వెళ్లేసరికి ఫెర్గూసన్ రిటైరయ్యాడు, కొత్త కోచ్ దగ్గర చోటు దొరకలేదు. క్రిస్టల్ ప్యాలెస్‌కి తిరిగొచ్చి ఆ క్లబ్బుకి ఏళ్ల తరబడి ప్రాణంగా నిలిచాడు, 2021-22లో 14 లీగ్ గోల్స్ కొట్టాడు. కొనే కోచ్, ఆడించే కోచ్ ఒకరే అవుతారన్న పూచీ ఎవరూ ఇవ్వలేరు.

ఒళ్లు సహకరించడం కూడా ప్రతిభలో భాగమే. ఉస్మాన్ డెంబెలే 2017లో బార్సిలోనాకి వెళ్లిన తొలి రోజుల్లోనే తొడ కండరం తెగింది. తరవాత ఏళ్ల తరబడి గాయాలు. 2025లో పారిస్ క్లబ్బు పీఎస్‌జీ ఆటగాడిగా, ప్రపంచ ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డోర్ అందుకున్నాడు, అదీ వింగ్ వదిలి మధ్యలో ఎక్కువగా ఆడాక. ఏడాదికి యాభై మ్యాచ్‌లు, మూడు రోజులకొక మ్యాచ్ ఆడే పెద్ద క్లబ్బుకి వెళ్లేవాడి తొడ కండరాల చరిత్ర, అతని డ్రిబ్లింగ్ ఎంత ముఖ్యమో అంత ముఖ్యం.

మన దేశంలో ఇలా చిన్న క్లబ్బు నుంచి పెద్ద క్లబ్బుకి వెళ్లిన వింగర్‌కి దగ్గరి ఉదాహరణ లిస్టన్ కొలాసో. గోవా కుర్రాడు, మన హైదరాబాద్ ఎఫ్‌సీలో ఆడి పైకొచ్చాడు. 2021లో కోల్‌కతా మోహన్ బగాన్ అతన్ని కొనుక్కుంది. ధర కోటి రూపాయలని, భారత ఆటగాళ్ల బదిలీల్లో అప్పటికి అదే ఎక్కువని పత్రికలు రాశాయి. అక్కడ తొలి ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) సీజన్లో 8 గోల్స్, తరువాతి ఏడాది బాగా పడిపోయాయి. నన్నడిగితే ఇందులో ఆశ్చర్యమేం లేదు. ఎడమ నుంచి లోపలికి తిరిగి దూరం నుంచి కుడికాలితో కొట్టే షాట్ అతని ఆయుధం. దూరపు షాట్లు ఒక ఏడు వల చింపుతాయి, ఒక ఏడు ఆకాశానికి పోతాయి. ఈలోగా మోహన్ బగాన్ 2022-23లో ఐఎస్ఎల్ కప్పు, 2024-25లో లీగ్ పట్టికలో మొదటి స్థానానికిచ్చే షీల్డ్, కప్పు రెండూ గెలిచింది. గోల్స్ తగ్గినా జట్టులో అతని చోటు పోలేదు, వెనక్కి పరిగెత్తి ఫుల్‌బ్యాక్‌కి సాయం చేయడం నేర్చుకున్నాడు కాబట్టి. తెలుగు నేల మీద నుంచే, నిజామాబాద్ జిల్లా గుగులోత్ సౌమ్య గోకులం కేరళలో ఆడి, క్రొయేషియా దాకా వెళ్లొచ్చి, ఈస్ట్ బెంగాల్‌తో 2024-25 మహిళల లీగ్ గెలిచింది, ఆ సీజన్ ఉత్తమ క్రీడాకారిణిగా ఫెడరేషన్ అవార్డు అందుకుంది. క్లబ్బు మారిన ప్రతిసారీ ఆడే చోటు దొరకడమే ఇలాంటి ప్రయాణంలో కీలకం.

పెద్ద క్లబ్బుకి వెళ్లకుండానే శిఖరం ఎక్కిన వింగర్ కూడా మనకున్నాడు. పి.కె. బెనర్జీ కోల్‌కతాలో మూడు పెద్ద క్లబ్బుల్లో దేనికీ ఆడలేదు. ఈస్టర్న్ రైల్వేలోనే ఉండి, 1958లో ఆ జట్టుకి కలకత్తా లీగ్ గెలిచిపెట్టాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో భారత్ కెప్టెన్ అతనే. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియా మీద గోల్ కొట్టాడు.

మా కుర్రాడి వాళ్ల నాన్న కొబ్బరి దింపు పనికెళ్తాడు. "మాస్టారూ, పంపించేయమంటారా అండీ?" అని మొన్న అడిగాడు. నేను తిరిగి అడిగినవి ఇవి: ఆ జట్టులో ఎడమ వింగ్ మీద ఇప్పటికే ఎంతమంది ఉన్నారు, వాళ్ల వయసెంత? ఏడాదికి ఎన్ని మ్యాచ్‌లు ఆడిస్తారు? మోకాలికి దెబ్బ తగిలితే ఎవరు చూస్తారు? బడి ఎక్కడ? రెండింటికి జవాబు తెచ్చాడు, రెండింటికి తేలేదు. నిమిషాలు దొరకని చోటికి పద్నాలుగేళ్లకి పంపడం నాకిష్టం లేదు. గట్టి నేల మీద ఇంకో సీజన్ ఆడనిద్దాం, ఇద్దరు మీదకొచ్చినా ఎదుటి గోల్ వైపు కాలితో బంతి అందుకోవడం అలవాటైతే వచ్చే ఏడాది నేనే తీసుకెళ్తానని చెప్పాను.